నల్లగొండలో రెటీనా ఫొటో, ఓసీటీ పరీక్ష: మా ఇంట్లో అందరం చేయించుకున్నాం

క్లాక్ టవర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న కంటి ఆసుపత్రిలో అమ్మకు, తమ్ముడికి, నాకు రెటీనా (కంటి లోపల వెనకనున్న పొర) ఫొటో, ఆ పొర మందాన్ని కాంతితో కొలిచే ఓసీటీ స్కాన్ చేయించాం. నీటికాసులు, అంటే కంటి నరాన్ని మెల్లగా పాడుచేసే గ్లకోమా, ఉందో లేదో ముందుగా తెలుసుకోవడానికి. ఫలితం ముందే చెప్పేస్తున్నా: పరీక్షకూ డాక్టరుకూ ఐదుకు ఐదు, మిషన్ దగ్గర కూర్చోబెట్టే అమ్మాయికి కూడా అంతే, కౌంటర్ వాళ్లకూ రికార్డులు చేతికిచ్చే పద్ధతికీ మాత్రం రెండే. ఆసుపత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే బాగాలేనివి కూడా రాయబోతున్నాను. పైగా ఈ మిషన్లు ఇప్పుడు ఒక్కచోటే ఉన్నవేం కావు, మీరు నల్లగొండలో చూపించుకున్నా పాలమూరులో చూపించుకున్నా ఏం అడగాలో, ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

మేం వెళ్లింది మా నాయన వల్ల. ఆయనకు నీటికాసులని తెలిసేసరికి ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంట్లో నడిమి చూపు మాత్రం మిగిలింది. అంతకుముందు కొన్నేళ్లుగా ఒక కళ్లద్దాల షాపుకే వెళ్తుండేవాడు, వాళ్లు ప్రతిసారీ సైటు పెరిగిందని చెప్పి అద్దాలు మార్చేవాళ్లు, ఒక్కరంటే ఒక్కరు కంటి వెనక నరం చూపించుకోమని అనలేదు. గోడ మీది చార్టు కింది వరుస దాకా చదివేవాడు కాబట్టి అనుమానమే రాలేదు. ఈ జబ్బు తీరే అంత. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది, నడిమి చూపు చివరిదాకా నిలబడుతుంది, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, ఒక కన్ను పోగొట్టుకున్న భాగాన్ని రెండో కన్ను పూడ్చేస్తుంటుంది. పక్కన పెట్టిన చాయ్ గ్లాసు చెయ్యి తగిలి పడిపోతుంది, రోడ్డు దాటుతుంటే పక్కనుంచి వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా తెలియదు, ఇంట్లో వాళ్లు వయసు మీద పడిందని అనుకుంటారు. పోయిన చూపు మందుతో రాదు, ఆపరేషన్‌తో రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. అప్పుడు నాయనను చూసిన హైదరాబాద్ డాక్టరు మాకు గట్టిగా చెప్పారు, కన్నవాళ్లకు గానీ తోడబుట్టినవాళ్లకు గానీ ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం చాలా రెట్లు ఎక్కువ, నలభై దాటాక మీ నరం ఎలా ఉందో ఫొటో తీయించుకోండి, చార్టు చదివేసి ఇంటికి రావద్దు అని.

ఆ పని హైదరాబాద్‌లోనే కావాలంటే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వంద కిలోమీటర్లు పోవాలి, కళ్లలో చుక్కలు వేశాక ఏమీ సరిగ్గా కనబడని మనిషిని పట్టుకుని మళ్లీ బస్సెక్కించాలి. అమ్మ ఆ ప్రయాణం తలుచుకునే రానంది. ‘నాకు మంచిగనే కనవడుతుంది బిడ్డా, ఊకె ఎందుకు తిప్పుతవ్’ అని ఆమె మాట. అందుకే ఇక్కడ ఓసీటీ ఉందని తెలియగానే అందరం కలిసి వెళ్లాం.

వరస బాగుంది. ముందు చార్టు, తర్వాత గాలి కొట్టే మిషన్‌తో కంటి లోపలి ప్రెషర్, తర్వాత డాక్టరు గది. నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే కళ్లలో చుక్కలు వేయకముందే డాక్టరు స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగుతో కంటిని పెద్దగా చూపించే మిషన్) మీద ముగ్గురినీ చూశారు. కంటి ముందు భాగంలో నీరు బయటకు పోయే మూల కొందరికి ఇరుకుగా ఉంటుంది, అలాంటి వాళ్లకు చూడకుండా కంటిపాప పెద్దగయ్యే చుక్కలు వేస్తే ఆ మూల మూసుకుపోయి ఒక్కసారిగా ప్రెషర్ పెరిగిపోయే ప్రమాదం ఉంది. క్యాంపుల్లో వరసగా కూర్చోబెట్టి అందరికీ చుక్కలు వేసుకుంటూ పోయే తొందర ఇక్కడ లేదు. గాలి మిషన్ చూపిన అంకెను కూడా అలాగే వదిలేయలేదు, పసుపు రంగు చుక్క వేసి నీలం లైటుతో కంటిని మెల్లగా తాకే పద్ధతిలో మళ్లీ చూశారు. ఈ రెండో పద్ధతినే డాక్టర్లు ఎక్కువగా నమ్ముతారు.

ఇక ఫొటో. అమ్మ వంతు వచ్చినప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. గడ్డం ఒక పీట మీద ఆనించి, నుదురు పైపట్టీకి తగిలించి కూర్చోవాలి, లోపల ఆకుపచ్చ గుర్తు ఒకటి కనిపిస్తుంది, చూపు దాని మీదే నిలపాలి. అమ్మ గుర్తును వదిలి మిషన్ పక్కనున్న అమ్మాయి మొహం చూస్తుంటే, ఆ అమ్మాయి విసుక్కోకుండా ‘పెద్దమ్మా, నన్ను తర్వాత చూద్దువు, ఆ పచ్చ చుక్కను చూడు, రెప్ప కొట్టి ఒక్కసారి పెద్దగ తెరువు’ అంటూ వేలితో పైరెప్పను కొంచెం ఎత్తి పట్టుకుంది. ఫ్లాష్ పడింది, అమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది, మొదటి ఫొటో సగం నల్లగా వచ్చింది. మళ్లీ తీసింది, మళ్లీ తీసింది, డాక్టరుకు పనికొచ్చేలా వచ్చేదాకా తీసింది. శుక్లం మొదలైన పెద్దవాళ్లకు ఫొటో మసకగా వస్తుంది, చుక్కలు వేయకుండా తీస్తే ఇంకా మసక, అలాంటి ఫొటో మీద నరం బాగుందనీ బాగాలేదనీ చెప్పడం కుదరదు. అందుకని ఈ ఓపికకు నేను మార్కులు వేస్తున్నాను. బాగా రాని ఫొటోను బాగా రాలేదని ఒప్పుకుని మళ్లీ తీసే మనిషి ఉన్నచోటే ఈ పరీక్షకు విలువ.

స్క్రీన్ మీద కనిపించేది ఎర్ర నారింజ రంగు గుండ్రం. అందులో ఒక పక్కన లేత పసుపు చుక్క, అక్కడి నుంచి రక్తనాళాలు పైకీ కిందికీ కొమ్మల్లా విడిపోతాయి. ఆ పసుపు చుక్కే కంటి నరం తల, దాన్ని డిస్క్ అంటారు, అసలు కంట్లో రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పది లక్షలకు పైగా సన్నటి పోగులు రెటీనా నలుమూలల నుంచి వచ్చి అక్కడ ఒంగి, మెదడు వైపు పోతాయి. డిస్క్ మధ్యలో తెల్లగా ఒక గుంట ఉంటుంది, దాన్ని కప్ అంటారు. పోగులు చచ్చిపోతున్నకొద్దీ చుట్టూ ఉన్న గట్టు సన్నబడి గుంట పెద్దదవుతుంది. డిస్క్ మొత్తంలో గుంట ఎంత అనే లెక్క రిపోర్టులో ఉంటుంది, మామూలుగా 0.3, 0.4 దగ్గర ఉంటుంది, 0.6, 0.7 దాటితే డాక్టరు జాగ్రత్తగా చూస్తారు, రెండు కళ్ల మధ్య 0.2 తేడా ఉన్నా అనుమానించాలి. అయితే కొందరికి పుట్టుకతోనే డిస్క్ పెద్దది, వాళ్లకు గుంట కూడా పెద్దగానే ఉంటుంది, జబ్బేం ఉండదు. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు. గట్టు ఎక్కడ సన్నబడింది, కింది భాగంలో నొక్కు పడిందా, అంచు మీద సన్నటి రక్తపు గీత ఉందా, నరం పొరలో చీలికలాగా నల్లటి చార ఉందా అన్నవి కలిపి చూడాలి.

డాక్టరు తమ్ముడి రెండు కళ్ల ఫొటోలనూ పక్కపక్కన పెట్టి మాకు చూపించారు. కుడి కంటికి 0.5, ఎడమ కంటికి 0.7. ఎడమ దాంట్లో కింది గట్టు పల్చగా ఉందని పెన్ను మొనతో చూపించాక నాలాంటి మామూలు మనిషికి కూడా తేడా కనబడింది. ఆరోగ్యంగా ఉన్న కంట్లో కింది గట్టే అన్నిటికంటే మందంగా ఉండాలట, అందుకే అది సన్నబడితే వెంటనే కంటికి తగులుతుంది. తమ్ముడు బత్తాయి తోట చేస్తాడు, చూపు గురించి ఒక్కనాడూ ఫిర్యాదు చేసిన మనిషి కాదు, అద్దాలు కూడా లేవు. ప్రెషర్ కుడికి 19, ఎడమకు 20 ఉంది, మామూలుగా 10 నుంచి 21 లోపు అంటారు కాబట్టి ప్రెషర్ ఒక్కటే చూసే చోట అయితే ‘అంతా బాగుంది’ అని పంపించేసేవాళ్లు. చాలామందికి ప్రెషర్ మామూలు అంకెల్లో ఉండగానే నరం దెబ్బతింటుందని ఆ రోజే మాకు బాగా అర్థమైంది. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర, కార్నియా, మందం కూడా కొలిచారు, అది 500 మైక్రాన్ల దగ్గర వచ్చింది, సగటున 540 దాకా ఉంటుంది. పొర పల్చగా ఉంటే మిషన్ ప్రెషర్‌ను తక్కువ చేసి చూపిస్తుంది, అసలు ప్రెషర్ ఆ 20 కంటే ఎక్కువే ఉండొచ్చు.

తర్వాత ఓసీటీ. దీన్ని 1991లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు, వాళ్లతో పనిచేసినవాళ్లు కలిసి లోకానికి చూపించారు. పేరు పెద్దగా ఉంది గానీ చేయించుకునేవాళ్లకు ఫొటో కంటే తేలిక, ఫ్లాష్ ఉండదు, ఏదీ తాకదు, ఒక్కో కంటికి కొన్ని సెకన్లు. కంటికి కనబడని పరారుణ కాంతిని లోపలికి పంపి, ఏ పొర నుంచి ఎంత వెనక్కి వచ్చిందో లెక్కగట్టి, రెటీనాను కోసి చూసినట్టు పొరలు పొరలుగా చూపిస్తుంది. ఫొటోలో గుంట పెద్దగుందా చిన్నగుందా అన్నది చూసే మనిషి అనుభవాన్ని బట్టి మారుతుంది, ఇద్దరు డాక్టర్లు రెండు అంకెలు చెప్పొచ్చు. ఓసీటీ పోగుల పొర మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సగటు మందం 90, 100 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, వయసుతో కొంచెం తగ్గుతుంది. మన అంకెను అదే వయసు ఆరోగ్యవంతుల అంకెలతో పోల్చి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తుంది. తమ్ముడి కాగితం మీద కుడి కన్ను అంతా పచ్చ. ఎడమ కంటికి కింద ఒక ముక్క ఎర్రగా ఉంది, ఫొటోలో గట్టు పల్చబడ్డ చోటే సరిగ్గా.

ఇక్కడే ఆ డాక్టరు మీద నాకు నమ్మకం కుదిరింది. ఎరుపు చూపించి భయపెట్టలేదు, వెంటనే మందు రాసేయలేదు. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న వాళ్ల కళ్లు పొడుగ్గా ఉంటాయి, వాళ్లకు జబ్బు లేకున్నా ఎరుపు వస్తుంటుంది, కన్ను కదిలినా, కాంతి సరిగ్గా లోపలికి పోకున్నా తప్పు ఎరుపు వస్తుంది, అందుకని కాగితం మీద సిగ్నల్, అంటే స్కాన్ ఎంత స్పష్టంగా వచ్చిందో చెప్పే అంకె, ఎంతో కూడా చూసుకోవాలి అని చెప్పి స్కాన్ మళ్లీ తీయించారు. మళ్లీ అక్కడే ఎరుపు. కంటిపాప పెద్దగయ్యే చుక్కల ప్రభావం పోయాక కంటి మీద చిన్న అద్దం ఆనించి నీరు బయటకు పోయే ఆ మూల తెరిచి ఉందో మూసి ఉందో చూశారు, దీన్ని గోనియోస్కోపీ అంటారు, తిమ్మిరి చుక్క వేసి చేస్తారు కాబట్టి నొప్పి లేదు. రెటీనా ఫొటో గానీ, నరానికి తీసే ఈ ఓసీటీ గానీ ఈ మూలను చూపించవు. మన దేశంలో మూల మూసుకుపోయే రకం నీటికాసులు తక్కువేం కాదు, దానికి లేజర్‌తో చిన్న రంధ్రం చేసే చికిత్స వేరే ఉంది, అందుకే ఎంత మంచి ఫొటో తీయించుకున్నా ఈ పరీక్షను వదలొద్దు. తమ్ముడిది తెరిచి ఉన్న మూలే.

ఆ తర్వాత ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టూ ఎంతమేర కనబడుతుందో చూసే పరీక్ష. గిన్నెలాంటి తెల్లటి మిషన్‌లోకి చూస్తూ ఎక్కడ చిన్న లైటు వెలిగినా బటన్ నొక్కాలి. మొదటిసారి ఎవరూ సరిగ్గా చేయలేరు, తమ్ముడిది కూడా నమ్మదగ్గదిగా రాలేదని ఇంకో రోజు పిలిచి మళ్లీ చేశారు. రెండోసారి ఎడమ కంటి పై భాగంలో ఒక రెండు చుక్కల దగ్గర చూపు కొంచెం మందగించినట్టు వచ్చింది, మిగతాదంతా శుభ్రం. నరం కింద దెబ్బతింటే చూపు పైన తగ్గుతుంది, కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా, అంటే మూడు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. ఫీల్డ్ టెస్ట్‌లో లోపం బయటపడేసరికే పోగుల్లో పావు వంతు, అంతకంటే ఎక్కువ కూడా పోయి ఉండొచ్చు, అందుకే ఫొటో, ఓసీటీ ముందుగా పట్టుకోవడానికి పనికొస్తాయి. జబ్బు బాగా ముదిరాక తిరగబడుతుంది, పొర 50, 55 మైక్రాన్లకు పడిపోయాక ఓసీటీలో ఇంక తగ్గేది కనబడదు, అప్పుడు ఫీల్డ్ టెస్టే దిక్కు. నాయన కుడి కంటికి అందుకే ఎప్పుడూ ఫీల్డ్ టెస్ట్ చేసేవాళ్లు.

తమ్ముడికి రాత్రిపూట ఒక్క చుక్క రాశారు. ప్రెషర్‌ను పావు వంతుకు పైగా తగ్గించాలని లెక్క పెట్టుకున్నారు, మళ్లీ చూపించుకునేసరికి ఎడమ కంటిది 14కు దిగింది. చూపు పెద్దగా పోకముందే, తోట పని ఒక్కరోజు మానకుండానే జబ్బును పట్టుకున్నాం. నాయనకు ఈ ఒక్క ఫొటో పదేళ్ల ముందు ఎవరైనా తీసి ఉంటే అన్న బాధ నాకు పోదు. అమ్మకు శుక్లం మొదలైంది తప్ప నరం బాగుంది, నాదీ బాగుంది, ఏడాదికోసారి రమ్మన్నారు.

చుక్కల మందు గురించి ఒక ముఖ్యమైన సంగతి, మన ఎండల కోసం. ప్రెషర్ తగ్గించే లాటానోప్రాస్ట్ చుక్కల్లో కొన్ని రకాలు సీసా తెరవకముందు ఫ్రిజ్‌లో ఉండాలి. మిర్యాలగూడ, దేవరకొండ వైపు మే నెలలో బస్సులో బ్యాగులో పెట్టుకుని పోతే ఆ మందు పాడవొచ్చు. మెడికల్ షాపులో తీసుకునేటప్పుడు సీసా చల్లగా ఉందా లేదా చూసుకోండి, తెరిచిన తేదీ డబ్బా మీద రాసుకోండి, దాని మీద చెప్పిన వారాలు దాటాక మందు మిగిలినా పారేయండి. టిమోలాల్ అనే ఇంకో రకం చుక్కలు ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం, ఆయాసం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇప్పుడు బయట బోర్డు గురించి. ‘ఏఐతో 5 నిమిషాల్లో నీటికాసుల నిర్ధారణ’ అని రాసి పెట్టారు. ఇది సరైనది కాదు, లోపల డాక్టరు చేసే జాగ్రత్త పనికి ఆ బోర్డు న్యాయం చేయడం లేదు. ఫొటోను చూసి అనుమానం ఉన్నవాళ్లను వేరు చేసే సాఫ్ట్‌వేర్లు నిజంగానే వచ్చాయి, ఫోన్‌కు బిగించి ఫొటో తీసే చిన్న కెమెరాలు బెంగళూరులోనే తయారవుతున్నాయి, కంటి డాక్టరు లేని మండలాల్లో అవి చాలా మేలు చేయగలవు, నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ లెక్క ఒకసారి చూడండి. నలభై దాటిన 1000 మందికి ఫొటో తీశారనుకోండి, అందులో 30 మందికి జబ్బుంది అనుకుందాం. జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టుకునే, లేని 100 మందిలో 90 మందిని సరిగ్గా వదిలేసే మంచి సాఫ్ట్‌వేర్ ఉందనుకుందాం. అది 27 మందిని పట్టుకుంటుంది, ముగ్గురిని వదిలేస్తుంది. జబ్బు లేని 970 మందిలో 97 మందికి అనవసరంగా అనుమానం చూపిస్తుంది. అంటే ఎర్ర గుర్తు పడ్డ 124 మందిలో నిజంగా జబ్బున్నది 27 మందికే. అందుకే అది జల్లెడ పట్టడానికి మంచిది, నిర్ధారణ చేయడానికి మనిషి కావాలి, గోనియోస్కోపీ కావాలి, ఫీల్డ్ కావాలి. ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్ల విషయంలో ఆ ఎర్ర గుర్తుకు బరువు ఎక్కువ, ఎందుకంటే వాళ్లలో జబ్బు ఉండే అవకాశమే ఎక్కువ, వాళ్లు రెండో మాట లేకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

కౌంటర్ సంగతి. ఫీజు 300, ఫొటోకు 300, ఓసీటీకి రెండు కళ్లకూ కలిపి 1200 తీసుకున్నారు, హైదరాబాద్ పోయే బస్సు చార్జీలు, ఒక రోజు పని కలిపితే మాకు ఇదే నయం. డబ్బు దగ్గర నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఏమిటంటే రెటీనా ఫొటోను మామూలు కాగితం మీద నలుపు తెలుపులో ప్రింటు తీసి ఫైల్లో పెట్టారు. అందులో డిస్క్ ఎక్కడుందో కూడా తెలియదు, గట్టు రంగు చూసి చెప్పాల్సిన విషయం నలుపు తెలుపులో ఏం చూస్తారు? ఫోన్‌కు పంపమంటే ‘మా కంప్యూటర్లో ఉంటది సార్, మీకెందుకు’ అన్నాడు కౌంటర్లో ఉన్న పిల్లవాడు. ఎందుకంటే ఈ పరీక్ష విలువ మొత్తం అందులోనే ఉంది. ఈరోజు ఫొటో ఈరోజుకు సగం మాటే చెప్తుంది, వచ్చే ఏడాది ఫొటోను దీని పక్కన పెట్టి చూసినప్పుడు గుంట పెరిగిందా, పొర ఎన్ని మైక్రాన్లు తగ్గింది అన్నది తెలుస్తుంది. రేపు ఆ కంప్యూటర్ పాడైనా, ఆసుపత్రి మారినా, మనం కొడుకు దగ్గరికని బెంగళూరు పోయినా ఆ పాత ఫొటో మన చేతిలో లేకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. డాక్టరుకు చెప్తే ఆయనే లేచి వచ్చి అందరి ఫొటోలూ వాట్సాప్‌లో పంపించమన్నారు, పంపించారు, అది కూడా డాక్యుమెంట్‌గా పంపమని నేను అడగాల్సి వచ్చింది, మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. అడగడం తెలియని ముసలివాళ్లు ఆ నల్ల కాగితం పట్టుకునే వెళ్లిపోతున్నారు, ఇది మారాలి.

ఫీల్డ్ టెస్ట్ గది ఇంకో లోపం. వెయిటింగ్ హాలుకూ దానికీ మధ్య ఒక ప్లైవుడ్ గోడే ఉంది, టోకెన్ నంబర్లు అరుస్తుంటారు, పిల్లలు ఏడుస్తుంటారు, లోపల కూర్చున్న మనిషి మసక లైటు కోసం మనసు పెట్టి చూడాలి. తమ్ముడి మొదటి టెస్ట్ పాడవడానికి ఆ గోల కూడా కారణమని నా నమ్మకం. రిపోర్టులో ఒక్క తెలుగు ముక్క లేదు, డాక్టరు నోటితో బాగా చెప్తారు గానీ ఇంటికి పోయాక చదువుకోవడానికి ఒక పేజీ తెలుగులో ఇస్తే ఎంత బాగుంటుంది.

ఈ జబ్బు మన వైపు ఉందా అని అడిగేవాళ్లకు ఒక విషయం. 1996 నుంచి 2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు, మన పాలమూరు పల్లెల వాళ్లూ అందులో ఉన్నారు. హైదరాబాద్ భాగంలో మూల తెరిచి ఉండే రకం నీటికాసులు బయటపడ్డవాళ్లలో పదిమందికి తొమ్మిది మందికి తమకు ఆ జబ్బు ఉందనే తెలియదు. నగరంలోనే అలా ఉంటే ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2018లో మొదలైన కంటి వెలుగులో మన ఊళ్లలో ఎంతోమందికి అద్దాలు వచ్చాయి, మా అమ్మ అద్దాలు కూడా అక్కడివే, బాగానే పనిచేస్తున్నాయి. కానీ అద్దాలు పెట్టుకుంటే అక్షరాలు కనబడుతున్నాయి కాబట్టి కంట్లో ఇంకేం లేదని అనుకునేవాళ్లను చూస్తుంటే నాకు భయమేస్తుంది.

ఎవరు తప్పకుండా వెళ్లాలో నా మాటగా రాస్తున్నాను: ఇంట్లో ఎవరికైనా నీటికాసులున్నవాళ్లు, మైనస్ పవర్ బాగా ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ఇంకా ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడినవాళ్లు. పత్తి ఏరే రోజుల్లో, వరి కోతలప్పుడు దుమ్ముకు కళ్లు దురద పెడితే మెడికల్ షాపులో ఏదో ఒక చుక్కల సీసా తెచ్చుకుని నెలల తరబడి వేసుకునే అలవాటు మన దగ్గర చాలా ఉంది. వేసుకోగానే ఎరుపు పోయి హాయిగా ఉంటుంది, అందులో స్టెరాయిడ్ ఉంటే కొందరికి లోపల ప్రెషర్ పెరుగుతుంది, నరం పాడవుతుంది, చిన్న వయసు వాళ్లకు కూడా. కీళ్ల నొప్పులకు, ఉబ్బసానికి, చర్మానికి చాలాకాలం స్టెరాయిడ్ వాడినా అంతే. మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే దాని మీద పేరు డాక్టరుకు చూపించండి. ఇదేమీ లేకుండా ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, తల పగిలిపోయే నొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు వస్తే ఫొటోలు, అపాయింట్‌మెంట్లు అనుకోకుండా ఆ గంటలోనే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి, అది మూల మూసుకుపోయినప్పుడు వచ్చే దాడి కావచ్చు.

వెళ్లేవాళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. సోమవారం పోవద్దు, మధ్యాహ్నం దాకా నిలబడాల్సి వస్తుంది, వారం మధ్యలో పొద్దున్నే పోతే ఖాళీగా ఉంది. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా, వెలుతురు గుచ్చుకున్నట్టు ఉంటుంది, బండి నడపొద్దు, తోడు ఒకరిని తీసుకెళ్లండి, నల్లద్దాలు ఉంటే పెట్టుకోండి. పాత అద్దాల చీటీలు, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుపోండి. ఫీల్డ్ టెస్ట్ కావాలంటే ముందే ఫోన్ చేసి మొదటి నంబరు అడగండి, హాలు నిండకముందే అయిపోతుంది. ఫొటో, ఓసీటీ రెండూ రంగుల్లో మీ ఫోన్‌కు వచ్చాయో లేదో అక్కడే తెరిచి చూసుకున్నాకే బిల్లు కట్టండి.